మిరప బండి కింద

మా ఆయన అంకమ్మరావుకు ఆ జీపంటే ప్రాణం. నాకు ప్రాణభయం. పొద్దున్నే కూలీ ఆడవాళ్లను మిరప చేలకు చేర్చడం, సాయంత్రం వాళ్లతోపాటు మిరపకాయ బస్తాలు వేసుకుని తిరిగి రావడం, ఖాళీ దొరికితే అద్దంకికి మనుషుల్ని తిప్పడం ఆయన పని. నేనూ కోతకు పోయేదాన్ని. డ్రైవరు పెళ్లాన్ని కాబట్టి ముందు సీటు నాది. అదే నా కర్మ. వెనక కూర్చున్నవాళ్లకు దుమ్ము తప్ప ఏమీ కనపడదు, నాకు మాత్రం ఆయన చేతులు కనపడేవి.

స్టీరింగు జానెడు తిప్పితే గానీ చక్రాలకు ఆ కబురు అందేది కాదు. మలుపు ఇంకా రాకుండానే ఆయన తిప్పడం మొదలుపెట్టేవాడు. తిన్నటి దారిలో కూడా అటు కాస్తా ఇటు కాస్తా ఊపుతూనే ఉండేవాడు. ఊపకపోతే బండి తనకిష్టమైన వైపు పోయేది. అడిగితే, పాత బండన్నాక ఆ మాత్రం ప్లే, అంటే వదులు, ఉంటుందనీ, దాని నడక తనకు తెలుసనీ అనేవాడు. చేలకు పోయే దారేమో సాగరు కాలవ కట్ట మీద. ఎడమ పక్క నిండుగా పారే కాలవ, కుడి పక్క నిలువెత్తు పల్లం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, మాకు అవి కుడిఎడమల ఉండేవి.

ఆ దారిలో ఉన్నంతసేపూ నేను సీటు కింది ఇనప పట్టీ పట్టుకుని కూర్చునేదాన్ని. దిగాక వేళ్లు సాగడానికి కాసేపు పట్టేది. కాయ కోస్తున్నప్పుడు కూడా, సాయంత్రం మళ్లీ ఆ కట్ట ఎక్కాలి కదా అన్న దిగులే. నా వాలకం చూసి వెనక ఆడవాళ్లు మేలమాడేవాళ్లు. అందరిలోకీ పుల్లమ్మ నోరు పెద్దది. చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని, బండి చివర చెక్క మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చునేది. భయమనేది ఒకటుంటుందని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మా ఆయన అసలు పట్టించుకోలేదంటే అబద్ధం. అద్దంకిలో బుడే అనే మెకానిక్కు దగ్గరకు బండిని తీసుకుపోయాం. అతను బానెట్ ఎత్తి, స్టీరింగు బాక్సు మీది మర బిగించాడు. కొన్నాళ్లకు మళ్లీ పోతే మళ్లీ బిగించాడు. స్టీరింగు తిప్పాలంటే భుజాలు పీకేంత బిగుసుకుంది గానీ బండి ఊగడం తగ్గలేదు. అసలు పద్ధతి వేరే ఉందని ఆ రోజు బుడేనే నోరు జారాడు. ఒకరు పైన స్టీరింగు ఊపుతుంటే ఇంకొకరు కింద దూరి ఒక్కో కీలు మీద చెయ్యి వేసి చూడాలట. ఏ కీలు దగ్గర ఒక ముక్క కదిలి రెండో ముక్క కదలదో, రోగం అక్కడ ఉన్నట్టట.

మరి దూరి చూడవేమని నేను అడిగాను. బుడే మా ఆయన వంక చూసి నవ్వాడు, మా ఆయనా నవ్వాడు. మా వైపు సీజనులో మిరప బండి కింద ఎవరూ దూరరు. బస్తాల్లోంచి రాలిన పొడీ గింజలూ అడుగునంతా పేరుకుని ఉంటాయి. పైన ఊపితే ఆ కారమంతా కిందవాడి కళ్లలో పడుతుంది. అందుకని ఎవరికి వాళ్లు పైనుంచి బిగించి పంపేస్తారు. కోతలయ్యాక కడిగించుకుని రమ్మన్నాడు బుడే. అప్పటిదాకా బతికి ఉండాలి కదా అన్నాను, ఇద్దరూ మళ్లీ నవ్వారు.

మాఘమాసం చివర్లో మబ్బు పట్టింది. పండిన కాయ తడిస్తే తెల్లబడి తాలవుతుందని చెంచురామయ్య బాబాయి చేలో కోత తొందర మీద సాగుతోంది. ఆ పొద్దున చేలకు పోతుంటే కట్ట మీద పత్తి లారీ ఎదురైంది. బోరేలు, ఆ పత్తి మూటలు, రెండు పక్కలా పొంగి ఉన్నాయి. మా ఆయన కాలవ వైపు ఒరిగి దారి ఇచ్చాడు. లారీ దాటింది. ఆయన కుడికి తిప్పాడు. బండి తిరగలేదు. ఇంకా తిప్పాడు, అప్పటికీ తిరగలేదు. నా వైపు చక్రం కింద మట్టి పెళ్లలు విరిగి నీళ్లలో పడుతున్న చప్పుడు వినపడింది. అయిపోయింది అనుకున్నాను. అప్పుడు తీరుబడిగా చక్రాలు మాట విని బండి దారిలోకి వచ్చింది.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన వైపు చూస్తే ఈల వేస్తున్నాడు. ఆ ఈల వింటే కాలవను చూసినప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

రాత్రి ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. మా పిల్ల అప్పటికే వాళ్ల నాయనమ్మ పక్కలో నిద్రపోయింది. రేపు బండి తియ్యొద్దని ఆయనతో చెప్పాను, బతిమాలాను, తిట్టాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. వానొస్తే బాబాయి కాయంతా పోతుందనీ, మాటిచ్చాననీ, స్టీరింగు సంగతి తనకు తెలిసినంత బ్రహ్మకు కూడా తెలియదనీ అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

తెల్లవారగానే నేను జీపు తాళంచెవి తీసి బొడ్లో దోపుకున్నాను. అప్పటికే ఆడవాళ్లు సద్దిమూటలతో వచ్చి నిలబడ్డారు. తువాలు తడిపి ముక్కూ నోరూ కట్టుకున్నాను.

"తాళం కావాలంటే ముందు ఎక్కి స్టీరింగు ఊపు. నేను కింద దూరతా," అన్నాను.

అందరి ముందూ పెళ్లాంతో పెనుగులాడలేక ఎక్కాడు.

కింద దూరాను. అంత ఇనుము మొహానికి బెత్తెడు దూరంలో ఉంటే ఊపిరి ఆడదు. ఆయన ఊపడం మొదలుపెట్టగానే కారం రాలింది. కళ్లు మండిపోయాయి. ఇక కళ్లు మూసుకునే తడుముకుంటూ పోయాను. బాక్సు నుంచి దిగిన ఇనప చెయ్యి మీద అరచెయ్యి వేశాను. స్టీరింగు కదలగానే అదీ కదిలింది. అంటే బాక్సు మంచిదే, దాన్ని బిగించీ బిగించీ చంపారు. అక్కణ్ణుంచి పొడుగాటి రాడ్డు, అదీ కదిలింది. రాడ్డు చివర ఎడమ చక్రం దగ్గర కీలు ఉండాల్సిన చోట చేతికి ఒక గట్టి ముద్ద తగిలింది. గ్రీజూ మిరప పొడీ కలిసి ఏళ్ల తరబడి ఎండిన ముద్ద. ఎవరో అందించిన కొడవలి మొనతో గీకి ఊడదీశాను. మళ్లీ ఊపమన్నాను. రాడ్డు వస్తోంది, చక్రం రావడం లేదు. కీలు గిన్నెలో బిగుతుగా ఉండాల్సిన ఇనప గుండు లోపల గిలక్కాయలా ఆడుతోంది. గిన్నె అంచు అరిగి, ఆ సందులో నా వేలు పట్టింది.

ఊపడం ఆపమని అరిచాను. ఇన్నాళ్లూ మమ్మల్నందరినీ ఆ ముద్ద పట్టుకుని ఉంది. అది తెలిశాక బయటికి పాకలేకపోయాను, పుల్లమ్మే కాళ్లు పట్టి లాగింది.

మా ఆయనా దూరి చూసి వచ్చాడు. మొహం కడుక్కున్నాడు. ఆ తర్వాత, ఒక్కణ్ణే మెల్లగా అద్దంకి పోయి రాడ్డు చివరి కీలుకు కొత్త ఎండు వేయించుకొస్తానన్నాడు.

"నువ్వొక్కడివే పోతే మునిగేది ఎవరి మొగుడయ్యా?" అన్నాను.

ఆ మాటకు, కూలీల కోసం వచ్చి నిలబడ్డ చెంచురామయ్య బాబాయే తన ఎద్దులజతను పట్టుకొచ్చాడు. కట్ట దాటిందాకా ఎద్దులు లాగుతాయనీ, అంకమ్మరావు స్టీరింగు పట్టుకుంటే చాలనీ తేల్చాడు. మోకు కట్టారు. మా ఆయన తల దించుకుని కూర్చున్నాడు. చేను అటే కాబట్టి ఆడవాళ్లంతా బండి వెనక నడిచారు. డీజిలు మానేసి చిట్టూ తవుడూ పోస్తున్నావా అన్నా అని పుల్లమ్మ అడిగితే అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆయన పక్కనే నడుస్తూ చక్రం మీద నుంచి చూపు తిప్పలేదు.

తూము దగ్గర మలుపులో టక్కుమంది. గుండు గిన్నెలోంచి ఊడింది, రాడ్డు మట్టిలో దిగబడింది. చక్రాలు రెండూ కాలవ వైపు మళ్లాయి. ఆయన కుడికి తిప్పాడు. స్టీరింగు కిర్రుమంటూ తిరుగుతోంది, చక్రాలు కదలడం లేదు. బ్రేకు మీద నిలబడ్డాడు. బాబాయి ఎద్దులను వెనక్కు నెట్టాడు. బండి ఆగింది. ఎడమ చక్రం సగం కట్ట అంచు దాటి నీళ్ల మీద ఉంది.

అది ఎద్దుల నడక కాబట్టి ఆగింది.

పుల్లమ్మ నీళ్లను చూసింది. బండి చివర తను కూర్చునే చెక్కను చూసింది. చంటిదాన్ని గుండెకు హత్తుకుని దారి మధ్యలోనే కూలబడింది. మా ఆయన ఇంకా స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు, కుడికి, ఇంకా కుడికి. నేను ఎక్కి ఒక్కో వేలూ విడదీశాను.

ఎద్దులతో బండిని వెనక్కు దారి మీదికి లాగించాక, కబురందుకుని బుడే సైకిలు మీద కొత్త ఎండ్లు తెచ్చాడు. ఈసారి అడక్కుండానే కింద దూరాడు. రెండు చివర్లా కొత్తవి వేశాడు, పిన్నులు తొడిగాడు, తను బిగించిన బాక్సు మర తనే వదులు చేశాడు. ఊపించి ప్రతి కీలూ పట్టి చూశాడు. ఎర్రబడ్డ కళ్లతో లేచి, ఇక ఏళ్ల తరబడి చూడక్కర్లేదని చెప్పాడు. నేనే స్టీరింగు తిప్పి చూశాను. వేలెడు కదిపితే చక్రం కదిలింది. ఎన్నాళ్లకో నా గుండె కుదుటపడింది.

మా ఆయన బండి స్టార్టు చేశాడు. ఆడవాళ్లను ఎక్కమని పిలవలేదు, వాళ్లూ కదల్లేదు. ధైర్యం చెప్పినట్టుంటుందని నేనే ముందు సీటు ఎక్కబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "నువ్వు ఎక్కమాక," అన్నాడు మెల్లగా. "ఇంటికాడ పిల్లుంది. ఇద్దరం ఒకే బండిలో వద్దు."

బాగైపోయింది కదయ్యా అన్నాను. తల ఊపాడు గానీ చెయ్యి వదల్లేదు. ఎక్కబోయిన కాలు కిందికి దించాను.

ఆయన ఒక్కడే కట్ట మీద బండి నడుపుకుంటూ పోయాడు. మేం వెనక నడిచాం. కాసేపటికి బాబాయి ఎద్దులు ఆ జీపును దాటి ముందుకు పోయాయి.