రెండు సీట్ల చోటు

నా ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోవడానికి వచ్చినవాళ్ళకి టీ పెట్టింది నేనే. అయిదు కప్పులు, అందులో ఒకటి చక్కెర లేకుండా. ట్రేలో కప్పులు సర్దుతుంటే ముందుగదిలోంచి మా ఆయన గొంతు వంటింటి దాకా వస్తోంది. ఇంజను పక్కన నిలబడి ముప్ఫై ఏళ్ళు మాట్లాడిన మనిషి కదా, లాంచీ అమ్మేసి ఒడ్డెక్కి రెండేళ్ళయినా ఆ గొంతు తగ్గలేదు. “ఏముందిరా, నడుం నొప్పి. వయసు మీద పడుతోంది కదా దానికి. దాని సంగతేమో గానీ నాకు మాత్రం రాత్రిళ్ళు కంటిమీద కునుకు లేదు” అంటున్నారు. రాత్రంతా మేలుకుని ఆయన గురక విన్నది నేను.

“పాపం అన్నయ్యా, ఈ వయసులో నీకెంత కష్టమొచ్చింది” అని మా మరిది నిట్టూర్చాడు.

ట్రే పట్టుకుని వెళ్ళాను. “అయ్యో, నువ్వెందుకు లేచావక్కా, పడుకోకపోయావా” అంటూనే మా తోడికోడలు కప్పు అందుకుంది. నేను పడుకుని ఉంటే ఆ కప్పు దాని చేతిలోకి ఎలా నడిచి వచ్చేదో మాత్రం చెప్పలేదు. వాళ్ళ కోడలు, ఈమధ్యే పెళ్ళయి వచ్చిన పిల్ల, ఒక్కతే లేచి ట్రే అందుకోబోయింది. “నువ్వు కూర్చోమ్మా, మీ పెద్దత్తయ్యకి అలవాటే” అన్నారు మా ఆయన. అలవాటు అన్న మాట వింటే నాకు మొన్నటినుంచీ ఒళ్ళు మండుతోంది. ఎందుకో చెప్తాను.

ముందు ఈ నడుం నొప్పి సంగతి. నాకు నడుం నొప్పి లేదు. నాకు మూత్రంలో రక్తం పడుతోంది. మొదటిసారి చూసినప్పుడు బాత్రూము గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆయనతో చెప్పాను. ఆయన నావైపు చూడలేదు, నేలవైపు చూశారు. “ఎవరికీ చెప్పకు, అదేం బాగుంటుంది. ఎవరైనా అడిగితే నడుం నొప్పని చెప్దాం” అన్నారు. అలా నాకు నడుం నొప్పి వచ్చింది. ఆ జబ్బు ఆయనే ఇచ్చారు, ఆయనే ఊరంతా పంచారు. పక్కింటావిడ చెక్క మీద పడుకోమంది. మేడ మీదాయన తైలం సీసా పంపించాడు. ఇప్పుడు మా మరిది సంచిలోంచి వెడల్పాటి నడుం బెల్టు తీసి నా చేతిలో పెట్టాడు. “వేసుకోవే, పాపం పనిగట్టుకుని తెచ్చాడు” అన్నారు మా ఆయన. నేను వేసుకున్నాను. పొత్తికడుపు మీద, సరిగ్గా అసలు జబ్బున్న చోటే అది బిగుసుకుంది. లోపల భయం గుండెల్ని పిండేస్తుంటే పైన అందరికీ థాంక్సు చెబుతూ నిలబడ్డాను. నాకు భయమేస్తోందని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో చోటు లేదు. ఆయన భయంతోనే ఇల్లంతా నిండిపోయింది.

ఆయన్ని అందరూ సరంగుగారంటారు. లాంచీ నడిపేవాడు సరంగు. నన్ను సరంగమ్మ అంటారు, అంటే సరంగు పెళ్ళాం. రేవు రాగానే లాంచీలోంచి ముందు దూకి మోకు స్తంభానికి చుట్టింది నేను. జనాన్ని చెయ్యి పట్టి దింపింది, టిక్కెట్లు చింపింది, అడుగున చేరిన నీళ్ళు బకెట్లతో తోడిపోసింది, ఎవరి పిల్లలో కక్కుకుంటే ఆ డెక్కు కడిగింది నేను. అయినా దాన్ని పని అని ఎవరూ అనలేదు, “మొగుడికి తోడుగా వెళ్తుంది” అన్నారు. పోనీ, అనుకోనీ. నేను చెప్పదలచుకున్నది ఒంటేలు సంగతి. లాంచీలో ఆయనకి ఆ బెంగ లేదు. వచ్చినప్పుడల్లా వెనక అంచుకి వెళ్ళి నదివైపు తిరిగి నిలబడితే సరిపోయేది. అలా వెళ్ళినప్పుడల్లా చుక్కాని పట్టుకుని లాంచీని దారిలో ఉంచింది నేను. నాకు మాత్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, ఆ ఒడ్డు నుంచి మళ్ళీ ఈ ఒడ్డు దాకా ఆపుకోవడమే. అవతలి రేవులో ఒక బాత్రూము ఉండేది గానీ దాని తాళం టీకొట్టువాడి దగ్గర ఉండేది. వాణ్ణి వెతికి తాళం తెచ్చేలోపు లాంచీ నిండిపోయేది, ఆయన హారన్ కొట్టేవారు. ఆ హారన్ విని మధ్యలో లేచి పరిగెత్తిన రోజులున్నాయి. నెలసరి రోజుల గురించి చెప్పనే చెప్పను. చివరికి ఉపాయం కనిపెట్టాను. పొద్దున్నించి నీళ్ళు తాగకపోతే రాదు కదా. నది మీద ఉంటూ గొంతు ఎండగట్టుకుని బతికాను.

ఒక్కసారి అడిగాను. లాంచీ కొన్న కొత్తలో, వెనక మూల నాలుగు రేకులు కొట్టించి చిన్న గదిలా చేయించమన్నాను. ఆయన నవ్వారు. “రెండు సీట్ల చోటు పోతుందే. నీ ఒక్కదాని కోసం ఇద్దరు మనుషుల్ని దింపేస్తామా” అన్నారు. మా అత్తగారు పక్కనే ఉండి, “ఆడపుట్టుక పుట్టాక ఆ మాత్రం ఓర్చుకోకపోతే ఎలా” అంది. నిజమే కాబోలు అనుకున్నాను. నేను ఎక్కువ అడిగాను కాబోలు అని సిగ్గు కూడా పడ్డాను. తర్వాత ఆ మూలలోనే ఆయన తన స్నేహితుల కోసం ఒక బెంచీ వేయించారు. వాళ్ళు పేకాడుకుంటూ వెళ్ళేవాళ్ళు, పేకాడుకుంటూ వచ్చేవాళ్ళు. ఒక్కడూ ఒక్కనాడూ టిక్కెట్టు కొన్న పాపాన పోలేదు.

ఇంక మొన్న ఆసుపత్రిలో జరిగింది. స్కానింగ్‌కి ముందు బాటిల్ నీళ్ళు తాగి ఆపుకుని కూర్చోమన్నారు. బల్ల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ళంతా కాసేపటికే అటూ ఇటూ మెసలడం మొదలుపెట్టారు. ఒకావిడ ఏడుపు మొహం పెట్టి నర్సుని బతిమాలుకుంది. నేను కదలకుండా కూర్చున్నాను. వాళ్ళందర్నీ నాకంటే ముందు పంపించారు. స్కానింగ్ చేసే అమ్మాయి నన్ను చూసి ముచ్చటపడింది. “మీలాంటి పేషెంట్లు ఉంటే మాకు ఎంత సుఖమో ఆంటీ, అందరూ గోల పెట్టేస్తారు” అంది. జీవితంలో ఆ విద్యకి దొరికిన మొదటి మెప్పు అది. తర్వాత బాత్రూముకి వెళ్ళి రమ్మని, మళ్ళీ చూస్తే, సగం నీళ్ళు లోపలే ఉండిపోయాయట.

డాక్టరమ్మ తెర మీద చూపించింది. “మూత్రం సంచి బాగా సాగిపోయిందమ్మా. ఇంత నిండినా మీకు తెలియడం లేదా?” అని అడిగింది. లేదన్నాను. “గోడ మీద ఇక్కడ ఏదో ఉంది. రక్తం దాంట్లోంచా, అదేమిటి అన్నది కెమెరా పెట్టి చూస్తేగానీ చెప్పలేను. ఆలస్యం చేయకండి, గురువారం రండి” అని, పెన్ను పక్కన పెట్టి మళ్ళీ అడిగింది. “చాలా ఏళ్ళు ఆపుకోవాల్సి వచ్చిందా? ఏం పని చేసేవారు?”

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు. “పనేం లేదండీ, నాకు తోడుగా లాంచీలో వచ్చేది. దానికి మొదటినుంచీ నీళ్ళు తాగే అలవాటు లేదు. ఎంత చెప్పినా వినదు.”

అలవాటు. ఎంత చెప్పినా విననట. ఆ మనిషి ముఖంలోకి చూశాను, అబద్ధం ఆడుతున్నట్టు కూడా లేదు. నిజంగానే నమ్ముతున్నారు. నేను దాహంతో గడిపిన ముప్ఫై ఏళ్ళు ఆయన లెక్కలో నా మొండితనం. ఒక పరాయి డాక్టరు ముందు మొగుణ్ణి కాదనడం నాకింకా రాలేదు. ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ, ఆయనతో అనాల్సిన మాటలన్నీ పంపుతో అన్నాను.

ఇప్పుడు టీలయ్యాయి. మా మరిది అసలు సంగతికి వచ్చాడు. అతని కొడుకు కొత్త లాంచీ కట్టిస్తున్నాడు, మొగుడూ పెళ్ళాం కలిసి నడుపుతారట. గురువారం దాన్ని నీళ్ళలోకి దింపుతారు. “నువ్వు దగ్గరుండాలన్నయ్యా, నువ్వు చెయ్యి వేస్తేనే వాడికి ధైర్యం” అన్నాడు. మా ఆయన ఛాతీ ఉబ్బింది. “నేను లేకుండా ఎలారా. గురువారం దీనికి ఆసుపత్రి ఉంది గానీ, అది వచ్చేవారం పెట్టించుకుంటాంలే. నడుం నొప్పేగా, వారంలో ఏం కొంప మునుగుతుంది” అన్నారు. నన్నొక్క మాట అడగలేదు. పక్కనే నిలబడి, ఖాళీ కప్పులు తీస్తున్నాను. ఆయన చెప్పిన అబద్ధం ఆయనే నమ్మేశారో, లేక ఆ వేళకి అది పనికొచ్చిందో నాకు తెలియదు.

లోపలి సీట్లు ఎలా వేయాలో చూపిస్తానని ఆయన చాక్‌పీసు తీసుకుని నేలమీదే గీతలు గీయడం మొదలుపెట్టారు. ఇక్కడ ఇంజను, ఇక్కడ బెంచీలు. ఆ గీతలు తుడవాల్సింది ఎవరో వేరే చెప్పాలా. కప్పులు పట్టుకుని వంటింట్లోకి వచ్చేశాను. నా వెనకే ఆ కోడలు పిల్ల వచ్చింది. కాసేపు తడి గుడ్డ పట్టుకుని తచ్చాడి, గొంతు తగ్గించి అడిగింది.

“పెద్దత్తయ్యా, ఒకటడుగుతాను, ఏమనుకోకండి. పొద్దున్నించీ సాయంత్రం దాకా లాంచీలోనే ఉండేవారు కదా. మరి మధ్యలో ఎక్కడికెళ్ళేవారు?”

ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. అమ్మ అడగలేదు, అత్త అడగలేదు, రోజూ నా చెయ్యి పట్టుకుని దిగిన ఆడవాళ్ళు అడగలేదు. “ఎక్కడికీ వెళ్ళేదాన్ని కాదమ్మా” అన్నాను. మిగతాదంతా చెప్పాను. రక్తం సంగతి కూడా చెప్పాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. “మీ అబ్బాయిని అడిగాను పెద్దత్తయ్యా, చిన్న బాత్రూము పెట్టిద్దామని. పెదనాన్నని కనుక్కుని చెప్తానన్నారు” అంది.

సరిగ్గా అప్పుడే ముందుగదిలోంచి ఆ పెద్ద గొంతు వినిపించింది. “వాడికేమన్నా పిచ్చా, లాంచీలో బాత్రూమేంటిరా. రెండు సీట్ల చోటు దండగ. మీ వదిన ఇన్నేళ్ళు చేసింది కదా, ఎప్పుడైనా నోరెత్తి అడిగిందా?”

నేను అడిగిన ఆ ఒక్కసారి కూడా ఆయనకి గుర్తులేదు. అప్పటిదాకా కోపం అనుకున్నది కోపం కాదని అప్పుడు తెలిసింది. నడుం బెల్టు విప్పేసి, ముందుగదిలోకి వెళ్ళి, దాన్ని ఆ చాక్‌పీసు గీతల మధ్య పడేశాను.

“అడిగాను” అన్నాను. “కొత్తలోనే అడిగాను. రెండు సీట్లు పోతాయన్నారు. ఆ మూలలో మీ పేకాట బెంచీ వేయించారు. నీళ్ళు తాగడం నాకు అలవాటు లేక మానలేదు. తాగితే వెళ్ళడానికి మీరు చోటివ్వలేదు గనక మానేశాను.” తర్వాత మరిదివైపు తిరిగాను. “నాకు నడుం నొప్పి కాదయ్యా. ఒంటేలులో రక్తం పడుతోంది. లోపల ఏదో ఉందట, అది కేన్సరో కాదో చూడాలి. ఆ సంగతి తేలేది గురువారమే.”

మరిది కప్పు లేని చేతివైపు చూసుకున్నాడు. తోడికోడలు “ఊరుకో అక్కా, మగవాళ్ళ ముందు ఏంటా మాటలు” అని గొణిగింది. మా ఆయన చాక్‌పీసు పట్టుకుని నేలమీద అలాగే ఉండిపోయారు. “ఇంతమందిలో నా పరువు తీయాలని చూస్తున్నావా” అన్నారు.

“మీ పరువు సంగతి నాకు తెలియదు. గురువారం నేను వెళ్తున్నాను. మీరు లాంచీ దగ్గరికి వెళ్ళండి.”

“నేనొస్తాను పెద్దత్తయ్యా” అంది ఆ పిల్ల, గుమ్మంలో నిలబడి. అత్త కళ్ళెర్రజేసినా చూడనట్టే ఉంది. “బాత్రూము కట్టేదాకా నేను లాంచీ ఎక్కనని కూడా మీ అబ్బాయితో చెప్పండి మామయ్యా.”

గురువారం ఆ పిల్లా నేనూ వెళ్ళాం. ఫినాయిల్ వాసన కొట్టే వసారాలో, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. వాళ్ళిచ్చిన గౌను వేసుకున్నాను. ఆ పిల్ల నా చీర మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు, అందుకు దానికి రుణపడి ఉంటాను.

కాసేపటికి మా ఆయన వచ్చారు. లాంచీ దింపే వేడుక కోసం ఇస్త్రీ చేయించుకున్న తెల్లచొక్కా వేసుకుని ఉన్నారు. ఆ పిల్ల లేచి ఆయనకి కుర్చీ ఇచ్చి, అవతలికి వెళ్ళి నిలబడింది. కూర్చున్నారు. ఎప్పుడూ లేనంత చిన్నగా వినిపించింది ఆ గొంతు.

“నీకేమన్నా అయితే నా గతేంటే?”

ఆ మాట నాకు కొత్త కాదు. కాన్పప్పుడు అన్నారు, టైఫాయిడ్ వచ్చినప్పుడు అన్నారు, లాంచీకీ రేవుకీ మధ్య నా చెయ్యి నలిగినప్పుడు అన్నారు. విన్నప్పుడల్లా కళ్ళలో నీళ్ళు తిరిగేవి, నా మీద ఎంత ప్రేమో అని మురిసిపోయి, లేచి ఏదో ఒకటి వండిపెట్టేదాన్ని. ఆయన కళ్ళలో ఇప్పుడూ నిజమైన భయమే ఉంది. ఇన్నేళ్ళ కాపురం, జాలి కలగలేదంటే అబద్ధం. కానీ ఆయన ఇంకా ఎదురుచూస్తున్నారు, “నాకేం కాదులెండి” అంటానని. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

లోపల్నుంచి నర్సు పిలిచింది.

“మీ గతి గురించి ఇవాళ మీరే భయపడండి” అన్నాను లేస్తూ. “నాకు నా గురించి భయపడే పనుంది.”