గేజికి కాపలా

ఈ సోమవారం కూడా గేజి పాడైతే మకోరిని పనిలోంచి తీసేస్తానని ఇంజనీరు క్వాంబోకా చెప్పింది. ఆమె చేత ఆ మాట అనిపించింది ఒగెటోనే.

కీసీ కొండల్లోని ఆ తేయాకు ఫ్యాక్టరీలో బాయిలరు ఒగెటో చేతికింద నడుస్తుంది. లోపల ఆవిరి ఎంత ఒత్తిడిలో ఉందో చూపించే గేజి కొన్నాళ్లుగా నిలవడం లేదు. సోమవారం మంట పెట్టి ఆవిరి వదలగానే ముల్లు ఒక్క గెంతు గెంతి బిగుసుకుపోతుంది. ముల్లు చూడకుండా బాయిలరు మండించే ధైర్యం ఎవరికుంది? పట్నం నుంచి మరో గేజి వచ్చేదాకా కోసిన ఆకంతా గంపల్లోనే కమిలిపోతుంది.

కట్టెలు వేసే మకోరి మీద ఒగెటోకు అనుమానం. మకోరి తమ్ముడు పాత ఇత్తడి కొంటాడు. చెడిపోయిన గేజీలు చివరికి చేరేది అతని బస్తాలోకే. ఇంకేం కావాలి? మకోరి దగ్గినా ఎవరికో సైగ చేసినట్టే ఉండేది ఒగెటోకు. ఎండాకాలంలో ఒక గేజి దొంగతనం అయినప్పటి నుంచి ఒగెటో, శనివారం మంట ఆరగానే గేజినీ, దాని కింద చుట్టలా మెలితిరిగిన గొట్టాన్నీ విప్పుకుపోయి తన మంచం కింద దాచుకుంటున్నాడు.

"అన్నా, అంత అనుమానమైతే సోమవారం నన్ను తూకం షెడ్డులో కూర్చోబెట్టు" అన్నాడు మకోరి. "ఆకు కోసే ఆడవాళ్లంతా కాపలా ఉంటారు. గేజి బాగుంటే నేను దొంగనే. పాడైతే?"

"పాడైతే నువ్వు కాదులే" అన్నాడు ఒగెటో.

సోమవారం పొద్దున్నే మకోరి గంపల మధ్య కూర్చున్నాడు.

"ఏమయ్యా పెళ్లికొడుకా, కట్టేసిన మేకలా అలా ఉన్నావేం?" అంది ముసలి న్యాబోకె.

"కదిలితే ఒగెటో అన్నకు జ్వరమొస్తుంది పిన్నీ."

బాయిలరు గదిలో ఒగెటో ఒక్కడే అన్నీ బిగించాడు. ఆవిరి వదిలాడు. ముల్లు గెంతింది, అవతలి అంచుకు కొట్టుకుని అక్కడే ఉండిపోయింది.

అతను విసురుగా షెడ్డుకొచ్చాడు. "నిన్ననే ఏదో చేసుంటావు నువ్వు!"

"నిన్న అది నీ మంచం కింద ఉంది కదన్నా. నేనూ అక్కడే ఉన్నానా? వదిననడుగు."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆ గోలకు క్వాంబోకా బయటికొచ్చింది.

"శనివారం నుంచి ఏమేం చేశావో చెప్పు ఒగెటో."

"ఎవరి చెయ్యీ పడనివ్వలేదు అమ్మగారూ. నేనే విప్పాను, నేనే కడిగాను. చుట్ట గొట్టాన్ని బోర్లించి విదిలించి, రేకుల మీద ఎండబెట్టాను. లోపల ఒక్క చుక్క తడి లేకుండా..."

మాట అక్కడే ఆగిపోయింది.

ఆ చుట్టలో ఎప్పుడూ నీళ్లుండాలని, ఆవిరి ఆ నీళ్ల దగ్గరే ఆగిపోతుందని, నీళ్ల మీదుగా ఒత్తిడి మాత్రమే గేజికి చేరుతుందని, సెగ చేరదని ఒగెటోకు పని నేర్పినవాడు ఎప్పుడో చెప్పాడు. గొట్టం విప్పని రోజుల్లో ఆ నీళ్లు వాటంతటవే నిలిచుండేవి. వాటి ఊసు తలచుకునే అవసరమే రాలేదు.

క్వాంబోకా అతని మొహంలోకి చూస్తోంది. కొత్త గేజీలు నాసిరకమని అనేయవచ్చు, ఎవరూ కాదనరు. గంపల దగ్గర మకోరి లేచి నిలబడ్డాడు. అతని నవ్వు పోయింది.

"తీసేయాల్సింది అతన్ని కాదు" అన్నాడు ఒగెటో నేలచూపులు చూస్తూ. "నీళ్లు పారబోసింది నేనే. గేజీలను కాల్చింది నేనే."

"ఇద్దరూ పనిలోకి పొండి" అని మాత్రం అంది క్వాంబోకా.

మధ్యాహ్నం కొత్త గేజి వచ్చింది. ఒగెటో చుట్ట గొట్టాన్ని చెంబుతో నీళ్లు పోసి నింపి, గేజి బిగించి, కవాటం మెల్లగా తిప్పాడు. ముల్లు నెమ్మదిగా పైకి లేచి కుదురుకుంది.

"తమ్ముడూ..." అన్నాడు ఒగెటో.

మకోరి పొయ్యి వైపే చూస్తున్నాడు. "ముందు కట్టెలందించు. నీ తమ్ముణ్ణో కాదో తర్వాత చూద్దాం."

ఒగెటో వంగి కట్టెలు ఎత్తాడు.