ముందు గది అగ్రిమెంటు

అశోక్‌నగర్ హాస్టళ్ల సందులో కమలవ్వ ఇంటి ముందు గదిని కిరాయికి తీసుకుని మంగ టిఫిన్లు అమ్ముతుంది. మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె నుంచి భర్త బుగ్గయ్యతో వచ్చి, కొన్నేళ్లు ఇటుకలు మోసి, చివరికి దోసెల పెనం దగ్గర నిలదొక్కుకుంది. బుగ్గయ్య ఇప్పటికీ మేస్త్రీ పనే చేస్తాడు. డెబ్బై ఆరేళ్ల కమలవ్వ నారాయణగూడలో ఒక ప్రెస్సులో బైండింగ్ పని చేసి ఆ ఇల్లు కట్టుకుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. తన తర్వాత ఇల్లు తమ్ముడి కొడుకు జగదీశ్వర్‌కే అని అందరితో అంటుండేది.

మూడేళ్ల కిందట ఆమె తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు జగదీశ్వర్ మంగకు స్టాంపు కాగితం రాసిచ్చాడు. మేనత్త తదనంతరం ఇల్లు తనకు వస్తుందనీ, రాగానే ముందు గది మంగకు రిజిస్ట్రీ చేస్తాననీ. చీటీ ఎత్తిన డబ్బు మంగ అడ్వాన్సుగా ఇచ్చింది. రెండు నెలలకు కమలవ్వ కర్ర పట్టుకుని నడిచొచ్చింది. మంగ సంతోషించింది, రోజూ మొదటి వాయి ఇడ్లీలు ఆమెకే పెట్టింది. కానీ ఆమె దగ్గినప్పుడల్లా పెట్టెలోని కాగితం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయేది.

ఉద్యోగ పరీక్షలకు చదివే పల్లవి ఒకరోజు దోసె తింటూ, అగ్రిమెంటు మీద కేసు వేయడానికి మూడేళ్లే గడువనీ, దాటితే కోర్టు వినదనీ మాటల్లో చెప్పింది. మంగ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే చిక్కడపల్లిలో వకీలు దక్షిణామూర్తి దగ్గరికి పరుగెత్తింది.

ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. మూడేళ్లు కాగితం రాసిన రోజు నుంచి కాదనీ, రిజిస్ట్రీకి పెట్టుకున్న తేదీ నుంచి లెక్కనీ, తేదీ లేకపోతే అవతలివాళ్లు రిజిస్ట్రీ చేసేది లేదన్నారని తెలిసిన రోజు నుంచనీ చెప్పాడు. మంగ ఊపిరి పీల్చుకుంది. కానీ ఆయన కాగితం మడిచి ఆమె చేతికిచ్చాడు.

"అసలు సంగతి అది కాదమ్మా. వస్తదన్న ఆశ ఆస్తి కాదు. ఆమె బతికుండంగ అమ్మనీకి ఆ పిలగాని దగ్గర ఏం లేదు. ఈ కాగితం నిలబడదు."

"మరి నేనేం జెయ్యాలె సార్?"

"ఇల్లు ఎవరిదో వాళ్లనే అడుగు."

ఏడుపు రావలసిన చోట మంగకు గుండె తేలికపడింది. ఇక ఎవరి చావు కోసమూ ఎదురుచూడనక్కరలేదు. సాయంత్రం కమలవ్వ ముందు కూర్చుని అంతా చెప్పేసింది. ముసలామె కళ్లద్దాలు పెట్టుకుని కాగితం చివరిదాకా చదివింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వింది.

"నేను మంచంల ఉంటే మీరిద్దరు కలిసి నన్ను పంపించేసిండ్రా?"

"తప్పయింది అవ్వా," అంది మంగ.

కమలవ్వ ఫోన్ చేసి జగదీశ్వర్‌ను పిలిపించింది. వాడు తల వంచుకుని, అప్పుడు ఆసుపత్రి బిల్లుకు తోచక అలా చేశానని చెప్పాడు. ఆ మాట ఆమెకు అంతవరకు తెలియదు. కోపంగా చూడబోయి, వాడి చేయి పట్టుకుంది.

"నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె గదరా. గది నాది. నేనే అమ్మత, నేనుండంగనే అమ్మత."

అడ్వాన్సు తన ఆసుపత్రి బిల్లుకే ఖర్చయింది కాబట్టి దాన్ని ధరలో జమ చేసుకోమంది. దక్షిణామూర్తి కొత్త అగ్రిమెంటు రాస్తూ గడువు ఎంత పెట్టమంటారని అడిగితే, ఏళ్ల మాట తన దగ్గర ఎత్తవద్దనీ, పదిహేను రోజులు చాలనీ చెప్పింది. పన్నెండో రోజున జగదీశ్వర్ సాక్షి సంతకం చేస్తుండగా రిజిస్ట్రీ అయిపోయింది.

మరుసటి ఆదివారం బుగ్గయ్య ఆ గదికి కిటికీ పెట్టడానికి గోడ పగలగొట్టాడు. కమలవ్వ కుర్చీ వేయించుకుని సందులో కూర్చుంది. గది ఇప్పుడు అవ్వది కాదని మంగ గుర్తుచేసినా వినకుండా, కిటికీ ఇంకో జానెడు పైకి జరపమని బుగ్గయ్యకు చెబుతూనే ఉంది. బుగ్గయ్య జరిపాడు.