రెండో తుంటి ఎముక

నేను గొర్రెలు కాచేవాణ్ణి. పేరు గురవయ్య, ఊరు హనుమంతునిపాడు పక్కన. ఏ జీవంలో ఏ ఎముక ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలనని నాకు మహా పొగరు. ఆ పొగరును పాడె మీద పెట్ట.

ధాత సంవత్సరం కరువులో మా మెట్టల్లో గడ్డిపరక మిగల్లేదు. నేనూ నా పెళ్ళాం వీరమ్మా మందను తోలుకుని తూర్పుకు, ఒంగోలు దాటి సముద్రం దాకా పోయాం. వీరమ్మ రోజంతా మంద వెంట తిరిగే మనిషి. ఆమెకున్న ఆస్తల్లా ఆ రెండు కాళ్ళే. దారిలో మడమలో తుమ్మముల్లు దిగింది. పీకి పసుపు పెట్టాం, అదే మానుతుందిలే అనుకున్నాం. సముద్రం చేరేసరికి పాదం ఉబ్బి నల్లబడింది, ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఒంగోలు ఆసుపత్రికి తీసుకుపోదామంటే అంతా ఇసుక దారి, ఎంత తిరిగినా బండి దొరకలేదు.

ఆ ఒడ్డునే ఒక తిమింగలం చచ్చి పడి ఉంది. దాని ఎముకల కోసం మద్రాసు నుంచి బ్రహ్మం అనే ఉద్యోగి మోటారులో వచ్చాడు. చచ్చిన జంతువుల ఎముకలు కూర్చి నిలబెట్టడం ఆయన కొలువు. ఆ కంపుకు కోసేవాడు దొరక్క అల్లాడుతున్నాడు. నేను పోయి దండం పెట్టి వీరమ్మ పాదం చూపించాను. తుంటి ఎముకలు రెండూ తీసిస్తే, వాటితోపాటు ఆమెనూ ఎక్కించుకుని అప్పటికప్పుడు ఒంగోలు పోదామన్నాడు. పెద్ద ఎముకలు ఎక్కడికీ పోవట. ఇవి మాత్రం వెన్నుకు అంటకుండా మాంసంలో విడిగా ఉంటాయి, కుక్కలు లాక్కుపోతాయని ఆయన భయం.

చేపకు తుంటేమిటని నవ్వుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే అది చేపే కాదు. పొట్ట కింద, తోక వైపు రెండు చీలికలు, వాటిలో చనుమొనలు. నొక్కితే పాలొచ్చాయి. ఈనిన జీవం, పాపం, బిడ్డ ఎక్కడుందో.

మా నాయన నాకొక అలవాటు నేర్పాడు. ఏ జీవాన్ని కోసినా మొదటి ముద్దను అమ్మవారికని వెనక్కి చూడకుండా విసరాలి. కుడి చన్ను పక్కన పెద్ద ముద్ద కోసి భుజం మీదుగా విసిరేశాను. అది అలల్లో పడిన చప్పుడు వినిపించింది.

నేను కోస్తుంటే బ్రహ్మం పక్కన నిలబడి చెప్పాడు. దీని పూర్వీకులు నాలుగు కాళ్ళతో నేల మీద నడిచేవట. తిండి కోసం నీళ్ళలో దిగి, తరతరానికీ ఇంకాస్త లోతుకు పోయి, లక్షల ఏళ్ళకు నేలనే మరిచిపోయాయట. ముందు కాళ్ళు తెడ్లయ్యాయి. వెనక కాళ్ళు అవసరం తీరి చిక్కి చిక్కి, లోపల ఈ తుంటి ముక్కలు మిగిలాయట. ఇంకొకడైతే నమ్మడు. నేను తెడ్డు చీల్చి చూశాను. లోపల రెక్క ఎముక, మోచేయి, మణికట్టు, వేళ్ళు అన్నీ వరసగా ఉన్నాయి. నమ్మకేం చేస్తాను?

ఎడమ తుంటి ఎముక తొందరగానే దొరికింది. జానెడు పొడవు, కొంచెం వంపు, దాన్ని ఆనుకుని ఉసిరికాయంత గుండు. ఆ గుండు తొడ ఎముకట. బ్రహ్మం దాన్ని పసిబిడ్డలా ఎత్తుకున్నాడు. కుడిది కూడా సరిగ్గా అదే చోట ఉండాలి కదా అని చెయ్యి పెట్టాను. అక్కడ నేను మొదట కోసిన గుంట తప్ప ఏమీ లేదు. ఆ ముద్దతోపాటు ఎముకను నేనే సముద్రానికి ఇచ్చేశాను.

అప్పటికింకా పొద్దు నడినెత్తికి రాలేదు. చెప్పాలా వద్దా? చెప్పలేదు. చెబితే మోటారు ఎక్కనివ్వడని భయం. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, లేని ఎముక కోసం మాంసం కెలుకుతూ కూర్చున్నాను. పాపం, ఆయన కూడా మోచేతుల దాకా దిగి వెతికాడు. పడవ నీడలో పడుకున్న వీరమ్మ రెండుసార్లు పిలిచింది. రెండుసార్లూ ఇంకాసేపే అన్నాను. పొద్దు వాలింది. మళ్ళీ పిలుపు రాలేదు. పరిగెత్తి చూస్తే మనిషికి స్పృహ లేదు, నలుపు మోకాలు దాటింది. అప్పుడు ఆయన కాళ్ళ మీద పడి అంతా కక్కేశాను.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఒక్కటి దొరికినా చాలు నాకు," అన్నాడు. "అప్పుడే చెప్పి ఉంటే అప్పుడే పోయేవాళ్ళం కదయ్యా."

ఒంగోలులో డాక్టరు కాలును తొడ దగ్గర తీసేశాడు. మధ్యాహ్నం లోపల తెచ్చి ఉంటే పాదంతో పోయేదేమో అని నర్సుతో అంటుంటే విన్నాను. ఛీ, ఏం మనిషినని నన్ను నేనే తిట్టుకున్నాను.

నాలుగో రోజు వీరమ్మకు తెలివొచ్చింది. దుప్పటి మీద తడుముకుని, కాలు లేని చోట అణిగిన దుప్పటిని సర్దుకుంది. ఏడుస్తుందేమో అనుకుంటే, ఆ జీవం సంగతి అడిగింది. బ్రహ్మం చెప్పిందంతా చెప్పాను.

"కాళ్ళు పోతే దాన్ని నీళ్ళు మోసినయ్. నన్నెవురు మోస్తారు మామా?"

నేను మోస్తానన్నాను. ఆమె తల ఊపింది.

"ఆ రెండో ఎముక దొరికిందా?"

ఆమె నా ముఖం వంకే చూస్తోంది.

"దొరికింది," అన్నాను.

"పోన్లే. నా కోసరం అంతసేపు ఎతికినావు. అదన్నా ఊరికే పోలా," అని, కంపు ఇంకా వదలని నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.