సీలు నంబరు

రేకులు నొక్కే ప్రెస్సు కింద ఫిట్టరు మరదలి కుడిచెయ్యి నలుగుతోంది. పక్కన సూపర్‌వైజరు ఫోనులో రాజధాని ఆఫీసుతో మాట్లాడుతున్నాడు.

"సార్, కంట్రోలు పెట్టె తెరవమంటారా?"

చెయ్యి ఎవరిదని రాజధాని అడగలేదు. సీలు నంబరెంతని అడిగింది. థూ!

ఫిట్టరు స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ పెట్టెలో ఏ తీగ ఎక్కడికి పోతుందో అతనికి కంఠతా వచ్చు. కానీ సీసపు సీలు తెంచే హక్కు రాజధాని ఇంజనీర్లది. అక్కడ వాడి పారేసిన మిషన్లే ఇక్కడికొస్తాయి. చెయ్యి లోపలికి పోకుండా అడ్డుండే ఇనుప జల్లెడ మాత్రం అక్కడే ఉండిపోతుంది.

"బావగారూ, తియ్యండి!" మరదలు గావుకేక పెట్టింది.

అప్పటికి ఏడు నిమిషాలైంది. అప్పుడు తెంచాడు. చెయ్యి బయటికొచ్చింది, రెండు వేళ్లు రాలేదు. ఆ ఏడు నిమిషాలు తలుచుకుంటే అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

నాలుగో రోజు గేటుకి నోటీసు అంటించారు. ఇక్కడివాళ్లకి సాంకేతిక సామర్థ్యం లేదట, కొత్త మిషన్లు రాజధాని ఫ్యాక్టరీకేనట. సీలు తెంచినవాడి మీద కేసు. గేటు ముందు మూడొందల మంది పోగయ్యారు.

"ఈ డొక్కుల్ని ఇన్నేళ్లూ నడిపింది వాళ్ల తాతలా?" వెల్డరు అరిచాడు.

"నోరు తగ్గించరా. ఉన్న పని కూడా ఊడుతుంది," అన్నాడు స్టోరు పెద్దాయన.

ఫిట్టరు బల్ల ఎక్కాడు. "తప్పు నాది. పందొమ్మిదేళ్లుగా మిషన్లు చాటుగా బాగుచేసి, సీలు మళ్లీ అతికిస్తున్నా. రాజధాని ఇంజనీరొచ్చి, టీ తాగి, తనే చేసినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టిపోతాడు. నా ఉద్యోగం ఉంటే చాలనుకున్నా. ఆ రిజిస్టరు చూస్తే మనం ఒక్క నట్టు బిగించినట్టు ఉండదు. మనకి చేతకాదని సాక్ష్యం తయారుచేసింది నేనే."

ఎవరో బూతు తిట్టారు. అతను తల దించుకున్నాడు.

మరదలు కట్టు కట్టిన చేత్తోనే ముందుకొచ్చింది. "తిట్టింది చాలు. బావగారూ, ఈ పని మీ ఒక్కరికే వస్తే మిమ్మల్ని లోపలేస్తారు, మేం చేతులు ముడుచుకు కూర్చుంటాం. అందరికీ నేర్పండి, పట్టపగలే."

"ఆడవాళ్లకి కూడానా?" ఎవడో ఇకిలించాడు.

"వేళ్లు తెంచేటప్పుడు ఆ ప్రెస్సు ఆడా మగా అని అడిగిందిట్రా?"

ఆ మధ్యాహ్నమే యాభై రెండు సీళ్లు తెగాయి. ముందు ప్రతి ప్రెస్సుకీ తామే చేసుకున్న జల్లెడ బిగించారు. ఆరు రోజులు ఫిట్టరు గొంతు బొంగురుపోయేదాకా చెప్పాడు. రిజిస్టర్లో ప్రతి పని కిందా చేసినవాళ్లే సంతకం పెట్టారు.

ఏడో రోజు పోలీసులొచ్చారు. "వీడొక్కడే సార్ తెలిసినవాడు, మిగతావాళ్లంతా మొద్దులు," అని సూపర్‌వైజరు ఫిట్టరుని చూపించాడు.

వ్యాను గేటు దగ్గర ఉండగానే పెద్ద ప్రెస్సు చప్పుడు ఆగిపోయింది. సూపర్‌వైజరు పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. వ్యానులో ఎక్కించిన ఫిట్టరు చెవులు రిక్కించాడు. గేటు తాళం తీసేలోగా ప్రెస్సు మళ్లీ దడదడమంది.

"ఎవరు బాగుచేశారు?" ఇన్‌స్పెక్టరు అతని కాలరు పట్టుకున్నాడు.

"తెలీదండీ," అన్నాడు ఫిట్టరు. "లోపల చాలామందే ఉన్నారు."