అల్లుడి మీద నా వాంగ్మూలం

లిఫ్టువాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో నీలం ఫైలు, ముఖాన ఎప్పుడూ లేని అణకువ. నేను కర్టెన్ అంచు మడిచి కుట్టుకుంటున్నాను, తలెత్తలేదు. నా షాపులో కుర్చీ ఒకటే, అందులో నేనున్నాను. కాసేపు గుమ్మంలో నిలబడి, తర్వాత గోడకు ఆనించిన తానుల పక్కకు జరిగాడు. వాటిమీద కూర్చుంటే కడిగిపారేద్దామని కాచుకుని ఉన్నాను. కూర్చోలేదు. ఆ మాత్రం తెలివుంది.

చట్టప్రకారం అతను నా అల్లుడు. నేను మాత్రం లిఫ్టువాడనే అంటాను, మా భవనానికి లిఫ్టు బాగుచేయడానికే వచ్చాడు కాబట్టి. మా అమ్మాయి రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోతే, కంపెనీకి ఫోన్ చేసి గోలపెట్టి పిలిపించింది నేనే. వచ్చాడు, తలుపు తెరిచాడు, చెయ్యి పట్టుకుని పిల్లను పైకి లాగాడు. పట్టుకున్న చెయ్యి మళ్ళీ వదల్లేదు. ఏడాది తిరక్కుండా ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి సంతకాలు పెట్టేశారు. ఆ సంగతి నాకు మా కిరాణా కొట్టతను చెప్పాడు, పంచదార తూస్తూ.

భర్త పోయాక ఈ మిషను తొక్కి పెంచాను దాన్ని. ఊళ్ళో వాళ్ళ కిటికీలన్నింటికీ కర్టెన్లు కుట్టాను, దాని చదువు ఆగనివ్వలేదు. కట్టుడు పళ్ళు చేసే పని నేర్చుకుంది. చేతిపని నాదే, ఎక్కడికి పోతుంది. ఆ పని మీదే వేరే దేశం వెళ్ళి, అక్కడే ఉండిపోయే కాగితం కూడా సంపాదించింది. ఇప్పుడు మొగుణ్ణి పిలిపించుకోవాలట. నాతో మాత్రం, ఒంట్లో ఎలా ఉంది, మందులు వేసుకుంటున్నావా, అంతే. ఆ రెండు ముక్కలూ నెలకోసారి.

"అత్తయ్యా, వీసా ఆఫీసు వాళ్ళు ఒక లెటర్ పంపారండీ" అన్నాడు.

"పంపితే?"

"పెళ్ళి ఫొటోల్లో తన తరఫు వాళ్ళు ఒక్కరూ లేరేంటని అడుగుతున్నారు. వీసా కోసం చేసుకున్న ఉత్తుత్తి పెళ్ళేమోనని అనుమానం. తన ఇంటివాళ్ళెవరైనా ప్రమాణం చేసి రాసిస్తేగానీ ముందుకు జరగదంటున్నారు."

"దాని ఇంటివాళ్ళు ఎవరున్నారు? నేనొక్కదాన్నే."

"అందుకే మీ దగ్గరకొచ్చానండీ."

నా కడుపు చల్లబడింది. దాచుకోవడం ఎందుకు? పెళ్ళికి అక్కర్లేని నా మాట వీసాకు కావలసొచ్చింది. మిషను ఆపి, దారం కొరికి, అప్పుడు చెయ్యి చాపాను.

ఫైల్లోంచి ఒక కాగితం తీసిచ్చాడు. వీసా కాగితాలు చూసిపెట్టే ఏజెంటమ్మ టైపు చేయించిన నమూనా. 'ఈ వివాహం నా సంపూర్ణ అంగీకారంతో జరిగినది, దంపతులు అన్యోన్యంగా ఉన్నారు, అల్లుడు సద్గుణ సంపన్నుడు.' చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితంతోనే చాక్ పొడి తుడిచి చెత్తబుట్టలో వేశాను.

"అబద్ధం మీద నేను సంతకం పెట్టను."

"పోనీ, మీకెలా కావాలంటే అలా మార్పిద్దామండీ."

"మార్చేదేం లేదు. నేనే రాస్తాను. నాకేం తెలుసో అదే రాస్తాను, నిజం తప్ప ఇంకో ముక్క ఉండదు. సరేనా?"

అతని ముఖం పాలిపోయింది. అయినా సరేనన్నాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఇది కాకపోతే ఫైలు మూసేస్తారట అత్తయ్యా. తను అక్కడ ఒక్కతే ఉండలేకపోతోంది" అన్నాడు.

ఉండలేకపోతే రమ్మను, ఇక్కడ ఇల్లుంది, అమ్మ ఉంది. నోటిదాకా వచ్చింది గానీ అనలేదు. నా లెక్క నాకుంది. వీసా రాకపోతే అది విసిగి వెనక్కి వస్తుంది. లేదంటే ఇతనితో తెగతెంపులు చేసుకుంటుంది. ఏది జరిగినా నాకు మంచిదే. నాకు నా కూతురు కావాలి, ఇతను అక్కర్లేదు. ఇంతకన్నా దాపరికం లేకుండా చెప్పలేను.

ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి, కత్తిరించే బల్ల మీద తెల్లకాగితాలు పరుచుకుని రాశాను. అబద్ధం ఒక్కటీ లేకుండా అతణ్ణి ముంచడం నాకు తెలియకపోతే కదా. ఇదీ నేను రాసింది:

'అయ్యా, ఇతణ్ణి నా అల్లుడని నేను ఒప్పుకోను. కానీ నా కూతురికి మొగుడని వీధంతా అంటోంది కాబట్టి రాస్తున్నాను. సైకిల్ షాపు మీద ఒంటి గదిలో కాపురం పెట్టి నా పరువు తీశారు. నేను వెళ్ళి వీధిలో నిలబడి రమ్మని కేకలేస్తే, నా కూతురు ఇతని యూనిఫారం చొక్కా తొడుక్కుని పిట్టగోడ దగ్గరికి వచ్చి, "అమ్మా, మెల్లగా, నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు" అంది. కన్నతల్లి గొంతు కన్నా ఇతని నిద్ర ఎక్కువైపోయింది.

కారం లేనిదే ముద్ద ఎత్తని పిల్ల, ఇతనికి కడుపులో పుండు ఉందని కారం మానేసింది. పుట్టినప్పటి నుంచి నేను చెప్పినా వినలేదు. ఇతను పనిలో కిందపడి కాలు విరగ్గొట్టుకుంటే, నేను చేయించిన గొలుసు నన్నొక్క మాట అడక్కుండా అమ్మి ఆపరేషన్ చేయించింది. ఇప్పటికీ ఇతను మా భవనానికి పని మీద వస్తే లిఫ్టు గుంతలో కూర్చుని దానికి ఫోన్ చేసి ఏం తిన్నావని అడుగుతాడని మా వాచ్‌మన్ చెప్పాడు. అదేం అడగాల్సిన మాట? తినదా?

మూడో నెలలో కడుపు పోయి నా కూతురు ఆసుపత్రిలో ఉంటే నాకు కబురు చేసినవాడు లేడు. మందుల షాపతను చెబితే పరుగెత్తాను. తలుపు సందులోంచి చూస్తే, ఇతను మంచం పక్కన కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకుని జుట్టు చిక్కు తీస్తున్నాడు. నా కూతురు తన తలమీద దువ్వెన పెట్టనిచ్చేది నన్నొక్కదాన్నే. నా పనిని నా కళ్ళముందే లాక్కున్నాడు. నేను లోపలికి అడుగుపెట్టకుండా వెనక్కి వచ్చేశాను. ఇటువంటి మనిషిని తమ దేశంలోకి రానివ్వాలో లేదో తమరే ఆలోచించుకోండి.'

మళ్ళీ చదువుకున్నాను. పెళ్ళాం గొలుసు అమ్ముకున్నవాడు, తల్లీకూతుళ్ళని విడదీసినవాడు. చదివినవాడెవడూ గడప దాటనివ్వడని నాకు నమ్మకం కలిగింది.

మర్నాడు లిఫ్టువాడితో కలిసి ఏజెంటమ్మ దగ్గరకు వెళ్ళాను. ఆవిడ ఆఫీసు కళ్ళజోళ్ళ షాపు పైన, మూడో అంతస్తు. ఆ భవనంలో లిఫ్టు పనిచేయడం లేదు. అతను అలవాటుకొద్దీ తలుపు సందులోకి తొంగిచూశాడు.

"బాగుచేయకు. లోపల ఇంకెవరి పిల్లైనా ఉందేమో" అన్నాను.

అతను నా సంచీ అందుకోబోయాడు. ఇవ్వలేదు. మోకాళ్ళు విరుగుతున్నా మూడంతస్తులూ నా సంచీ నేనే మోశాను.

ఏజెంటమ్మ నా వయసుదే. బల్లనిండా ఫైళ్ళు, ఒక్కోదానికి రంగురంగుల చీటీలు. తడి స్పాంజి మీద వేలు అద్దుకుంటూ మా ఫైలు తిప్పింది. పెళ్ళి సర్టిఫికెట్టు, పోలీసుల కాగితం, డాక్టరు పరీక్షలు, జీతం కాగితాలు, ఫోన్ బిల్లుల కట్ట. చివర ఖాళీగా ఉన్న కవరు నాది. అతణ్ణి బయట బెంచీ మీద కూర్చోమని, నా కాగితాలు తీసుకుని చదవడం మొదలుపెట్టింది.

నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. ఎక్కడ కనుబొమ్మ ముడుస్తుందా అని. ఒకచోట నవ్వింది. ఒకచోట కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మొత్తం అయ్యాక కాగితాలు బల్లకేసి తట్టి సరిచేసింది.

"ఒక్క మాట కూడా మార్చొద్దండీ. దీన్ని ఇలాగే వాళ్ళ భాషలోకి రాయిస్తాను" అంది.

"నేను తిట్టాను. చూసుకున్నారా?"

"చూశాను. మెచ్చుకుంటూ రాసిన ఉత్తరాలు వాళ్ళకి రోజూ బస్తాల్లో వస్తాయండీ. డబ్బిస్తే ఎవరైనా మెచ్చుకుంటారు. ఇలా తిట్టడానికి ఎవరొస్తారు? ఉత్తుత్తి పెళ్ళయితే అత్తగారికి ఇంత మంట ఎందుకుంటుంది?"

ముంచుదామని తవ్విన గోతిలో అతనికి మెట్లు కట్టాను. ఆవిడ నా ముఖం చూసి విషయం కనిపెట్టేసిందనుకుంటాను, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇష్టం లేకపోతే చించేయొచ్చు. ఇంకా సంతకం పెట్టలేదు కదా. నేనేమీ అనుకోను."

అప్పుడే చించేయాల్సింది. చెయ్యి కాగితాల మీదే ఉంది. కానీ, నిజం తప్ప రాయనని అతని ముందే అన్నాను. ఇప్పుడు చించితే, పిల్ల కాపురం చెడగొట్టడానికే వచ్చానని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టవుతుంది. నేను తేల్చుకునేలోపు ఆవిడ అతణ్ణి లోపలికి పిలిచి, దరఖాస్తుదారు కూడా చూడాలంటూ కాగితాలు అతని చేతిలో పెట్టింది.

నిలబడే చదివాడు. గొలుసు దగ్గర చెవులు ఎర్రబడ్డాయి. చివరి కాగితం రెండుసార్లు చదివాడు.

"ఆ రోజు మీరు ఆసుపత్రికి వచ్చారా అత్తయ్యా?"

"వచ్చాను. కళ్ళారా చూశాను."

అతను కాగితాన్ని బల్లమీద పెట్టి, ఆసుపత్రి పేరా కింద వేలు ఆనించాడు.

"ఇది తీసేద్దామండీ. మిగతాదంతా ఉంచండి, నన్నేమన్నా పర్లేదు. ఇదొక్కటీ వద్దు."

"ఎందుకు వద్దు?"

"ఫైలు మొత్తం తన దగ్గరకు కూడా వెళ్తుంది. తను చదువుతుంది."

అదీ సంగతి అనుకున్నాను. అన్నీ దులుపుకుని, ఇక్కడ మాత్రం గిలగిల్లాడుతున్నాడు. అంటే దెబ్బ ఇక్కడే తగిలిందన్నమాట. తల్లి ఉసురు పోసుకున్నానని పెళ్ళానికి తెలుస్తుందని భయం. ఇంతసేపూ ఓడిపోయానని కుమిలిపోతున్న నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది.

"చదవనీ. దానికీ తెలియాలి కదా" అన్నాను.

"అత్తయ్యా, మీ మంచికే చెప్తున్నాను."

"నా మంచి నువ్వు చూడనక్కర్లేదు."

ఏజెంటమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆయన చెప్పేది ఒకసారి ఆలోచించండి అంది మెల్లగా. నేను వినిపించుకోలేదు. పక్కగదిలో నల్లకోటు వేసుకున్న నోటరీ ముందు కుడిచెయ్యి ఎత్తి, రాసినదంతా నిజమని ప్రమాణం చేసి, ప్రతి కాగితం అడుగునా సంతకం పెట్టాను. ఆసుపత్రి పేరా ఉన్నచోట కాస్త పెద్దదిగానే పెట్టాను. మెట్లు దిగుతుంటే అతను నాకన్నా ఒక మెట్టు కిందే నడిచాడు, నేను తూలితే పట్టుకోవడానికన్నట్టు. నాకు అది కూడా నచ్చలేదు.

వానలు మొదలయ్యాక వీసా వచ్చింది. ఇంటర్వ్యూకి కూడా పిలవలేదని ఏజెంటమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ గొంతులో సంతోషం వింటుంటే నాకు చిర్రెత్తింది. ఆ రోజు ఒక హోటలు వాళ్ళ కర్టెన్లకు రింగులు తిరగేసి కుట్టి, అన్నీ విప్పుకోవాల్సొచ్చింది.

విప్పుతుండగానే మా అమ్మాయి ఫోన్ చేసింది. నెల తిరక్కుండా చేసిందంటే కారణం తెలుస్తూనే ఉంది. అయితే దండం పెడుతుంది, లేదంటే గొలుసు మాట ఎత్తి పోట్లాడుతుంది. రెండింటికీ నేను సిద్ధంగానే ఉన్నాను.

"అమ్మా, నువ్వు రాసింది చదివాను."

"చదివావా? అన్నీ నిజాలే. ఒక్కటైనా కాదను చూద్దాం."

"కాదనడం లేదు. నిన్ననే చదివాను. ఇంతవరకూ ఆయన నన్ను చదవనివ్వలేదు. ఫైల్లో అక్కర్లేని కాగితమని చెప్పాడు."

ఏడుస్తుందేమోనని విన్నాను. ఏడవడం లేదు, మామూలుగానే మాట్లాడింది.

"ఆసుపత్రిలో మూడు రోజులూ నీకోసం చూశానమ్మా. ఎవరో ఒకరు నీకు చెప్పే ఉంటారు, వస్తావనుకున్నాను. రాకపోయేసరికి నీకు తెలియదులే అనుకున్నాను. నేను కబురు పెట్టలేదు కదా, తప్పు నాదే అనుకున్నాను. నీకు ఫోన్ చేసినప్పుడల్లా అదే అనుకుని చేసేదాన్ని."

"నాకు ఎవరు చెప్పారే? మందుల షాపతను చెబితే..."

"చెబితే వచ్చావు. తలుపు దాకా వచ్చావు."

"లోపల అతను కూర్చుని ఉన్నాడు కదే. నాకు చోటెక్కడుంది?"

"మంచానికి రెండో పక్క ఎవరూ లేరమ్మా" అంది.

అంతే, ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. నెల తిరిగింది, ఆ మందులు వేసుకుంటున్నావా అనే ముక్క కూడా లేదు. లిఫ్టువాడు విమానం ఎక్కాడని మా వాచ్‌మన్ చెప్పాడు.

అది అన్నది నిజమే. మంచానికి రెండో పక్క ఒక స్టూలు కూడా ఉంది, ఖాళీగా. తలుపు దగ్గర నుంచే చూశాను. ప్రమాణం చేసి నిజాలన్నీ రాశానే, ఆ స్టూలు సంగతి ఒక్కటీ రాయలేదు.