లోవమ్మ వేసిన కొసరు

పొద్దున్నే లోవమ్మ ఒడ్డు నుంచి చేపల బుట్టతో వచ్చేసరికి ఇంటి ముందు ఇద్దరు ముగ్గురు కాచుక్కూర్చోవడం ఉప్పాడ పక్క జాలరి పేటలో రోజూ ఉన్నదే. ఒకరు కిర్రుమనే ఫ్యాను తెస్తారు, ఒకరు మొగుణ్ణే తెస్తారు. ఆ రోజు చిట్టెమ్మ మొగుణ్ణి తెచ్చింది.

"మామ్మా, ఈయన గురక తీసెయ్యవా? మొత్తం వద్దులే, సగం తియ్యి. అసలు లేకపోతే నాకూ నిద్ర పట్టదు."

ఆయన అప్పటికే గోడకి చేరగిలబడి గురక అందుకున్నాడు. లోవమ్మ బుట్ట దించి, ఆయన ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి, రొయ్య తల తీసినట్టు పుటుక్కున సగం గురక తీసి తాటాకులో చుట్టింది. ఆయనకి మెలకువ కూడా రాలేదు.

"గురక తగ్గింది గానీ అమ్మా, ఈయన నిద్ర నేను తీయలేను," అంది లోవమ్మ.

లోపలి గదిలో మనవరాలు వీరదుర్గకి ఈ వినోదం చూసే తీరిక లేదు. సాయంత్రం ఆరింటిలోపు ఒక రాక్ పాట మిక్స్ చేసి విశాఖపట్నంలో ఒక స్టూడియోకి పంపాలి. నచ్చితే అక్కడ ఉద్యోగం. నచ్చకపోతే సోమవారం నుంచి బాబాయి గారి రొయ్యల మేత కొట్టులో కంప్యూటర్ ముందు. ఆమె కోసం ఆఫీసుల్లో ఉండే చక్రాల కుర్చీ కూడా కొనేశారు. మూడేళ్ళు మైక్ సెట్ వాళ్ళతో తిరిగి, పెళ్ళిళ్ళకీ జాతరలకీ స్పీకర్లు కట్టి చెవులు పండించుకున్న పిల్ల, వెళ్ళి మేత బస్తాల బిల్లులు కొట్టాలి. 

పాట తణుకులో బ్యాండు పెట్టి గిటారు వాయించే ఉదయభాస్కర్‌ది. వాళ్ళ తాతగారి పాత ధాన్యం గోడౌన్‌లో బ్యాండు నలుగురూ ఒకేసారి వాయించి పద్దెనిమిది మైకుల్లో రికార్డు చేశారు. డ్రమ్స్‌కి కొన్ని, గిటార్లకి కొన్ని, గొంతుకి ఒకటి, దేని ట్రాక్ దానిది, వండని సరుకు. ఆ పద్దెనిమిదీ కలిపి ఒక పాటలా నిలబెట్టడం దుర్గ పని. చిక్కేంటంటే, ఒకే గదిలో వాయించారేమో, గొంతు మైకులోకి డ్రమ్స్ దూరాయి, డ్రమ్స్ మైకుల్లోకి గిటారు దూరింది, అన్నిట్లోకీ ఎవరిదో కుర్చీ కిర్రు దూరింది.

ఉదయభాస్కర్ తెల్లవారుజామునే బైకు మీద బయల్దేరి తొమ్మిదికల్లా వచ్చి దుర్గ వెనకాల ముక్కాలిపీట వేసుకున్నాడు. అతని లెక్కలో పాటంటే గిటారు, తక్కినవన్నీ తోడుపెళ్ళికొడుకులు.

"దుర్గ గారండి, గిటారు ఒక్క పిసరు పెంచుతారా అండి?"

"ఇంకా మొదలే పెట్టలేదయ్యా బాబూ."

"అందుకేనండి, ముందే చెప్పుకుంటున్నాను."

దుర్గ కేకేసింది. "మామ్మా, ఇలా రా. ఈ సరుకు కొంచెం ఏరి పెట్టు."

లోవమ్మ కొంగు బిగించి స్పీకర్ల ముందు బాసింపట్టు వేసుకుంది. దుర్గ ఒక్కో ట్రాకే వినిపిస్తూ ఏది ఉండాలో, ఏది పోవాలో చెబుతోంది. లోవమ్మ స్పీకర్లో చెయ్యి పెట్టి తీస్తోంది. గొంతు వెనకాల దాక్కున్న డ్రమ్స్ తాళాల చప్పుడు చిన్న నెత్తళ్ళ చేపల్లా వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే దోసిలి పట్టి ఎత్తింది. పెద్ద గిటారు మోతకి చెయ్యి తగలగానే వెనక్కి తీసుకుంది.

"దీనికి ముల్లుందే. తోకలో ముల్లుండే టేకు చేపని పట్టినట్టు తోక కొస పట్టుకోవాలి."

"అది నేనేనండి, మామ్మగారండి," అన్నాడు ఉదయభాస్కర్ పొంగిపోయి.

యాంప్లిఫయర్ గుంయ్‌మనడం, తీగల మీద వేలు జారిన చప్పుడు, బేస్ వాయించే హారతి ఊపిరి, కాలి తాళం, ఆ కుర్చీ కిర్రు, అన్నీ ఒక్కొక్కటే పక్కన పెట్టుకున్న చిన్న బుట్టలోకి వచ్చాయి. లోవమ్మ చెయ్యి బయటికి వచ్చినప్పుడల్లా లాప్‌టాప్ తెర మీద ధ్వని గీత నున్నగా అయ్యేది. పదిన్నరకి పద్దెనిమిది ట్రాకులూ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. లోవమ్మ చేతులు కడుక్కుని, చేపల బుట్ట నెత్తికెత్తుకుని పిఠాపురం ఆటో ఎక్కేసింది.

దుర్గ ఊపు మీదుంది. డ్రమ్స్ నిలబెట్టింది, బేస్ ఆనించింది, గిటార్లు చెరోపక్కా సర్దింది, గొంతు మధ్యలో పెట్టింది. రెండింటికి మొదటిసారి పాట మొత్తం వేసింది. నాలుగు నిమిషాలు ఇద్దరూ కదల్లేదు. పాట అయిపోయింది.

"తప్పు ఒక్కటీ లేదండి," అన్నాడు ఉదయభాస్కర్ మెల్లిగా.

"ఆ."

"ఐసులో నాలుగు రోజులున్న చేపలా ఉందండి."

దుర్గకి తిట్టాలనిపించింది గానీ నిజాన్ని ఏమని తిడుతుంది. కృత్రిమంగా గది మోత కలిపింది. నలుగురూ బావిలో పడ్డట్టుంది. తీసేసింది. నలుగురూ నాలుగు ఊళ్ళలో కూర్చుని వాయించినట్టుంది. అప్పుడు తెలిసింది, తను చెత్తనుకుని ఏరించిన సరుకే వాళ్ళని ఒక కప్పు కింద ఉంచిందని. వెనక్కి వెళ్ళే బటన్ నొక్కి చూసింది. చేత్తో తీసినవి బటన్‌తో వస్తాయా? చిన్న బుట్ట వైపు తిరిగింది. బుట్ట ఖాళీ.

ఫోన్ చేసింది.

"ఆ చిల్లరా?" అంది లోవమ్మ. "నేను పట్టుకొచ్చేశాను. వల ఏరిపెట్టిన మనిషికి కూరకి గుప్పెడు వదలరా ఏంటి? అది కూడా నిన్ను అడగాలా?"

అడగక్కర్లేదు. ఒడ్డున ఎవరూ అడగరు. ఆ ఇంట్లో పుట్టి ఆ సంగతి మర్చిపోయినందుకు దుర్గ తన నెత్తి తనే మొట్టుకుంది.

"సరేలే, అలాగే ఉంచు, వస్తున్నాను."

"ఉంటే కదే. పాపాయమ్మ గారు కానాగంత చేపలు తీసుకుని కొసరు వెయ్యమంటేనూ, వేసేశాను."

మూడుంబావుకి దుర్గ లాప్‌టాప్ సంచీ ఉదయభాస్కర్ ఒళ్ళో పడేసి స్కూటీ తీసింది. దారి పొడుగునా అతను సంచీని కావలించుకునే ఉన్నాడు. ఆ వేగంలో నోరు తెరిస్తే ఈగలు పోయేలా ఉంది.

పిఠాపురంలో ఎప్పటి నుంచో లోవమ్మ దగ్గర చేపలు కొనే పాపాయమ్మ గారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్ళు లైన్లు కలిపి రిటైరైన మనిషి. వీళ్ళు వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని స్టీలు కేరేజీ గిన్నెల మూతలు ఒక్కోటే ఎత్తి చెవి ఆనిస్తున్నారు. లోవమ్మ పక్కనే కూర్చుని ఆకు నములుతోంది.

"ఈ గిన్నెలో గుంయ్‌మంటోంది చూడమ్మా, అచ్చం మా పాత ట్రంకు లైనే," అన్నారు పాపాయమ్మ గారు. "ఈ అమ్మాయి ఊపిరి ఎంత బావుందో."

"అవి పొరపాటున వచ్చేశాయండి. ఇచ్చేస్తే..."

"కొసరు వెనక్కి అడుగుతారా ఎక్కడైనా? లోవమ్మా, నువ్వు చెప్పు."

"నేనూ అదే చెబుతున్నానండి," అంది లోవమ్మ, మనవరాలి వైపు చూడకుండా.

దుర్గ బతిమాలింది. ఆరింటి సంగతి, ఉద్యోగం సంగతి, చక్రాల కుర్చీ సంగతి చెప్పింది. పాపాయమ్మ గారు అంతా విని, "ఏదీ, మీ పాట పెట్టు," అన్నారు. కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు.

"మధ్యలో ఈ అబ్బాయి ఎవరమ్మా? లైను దొరికింది కదా అని వదలట్లేదు. అవతల జనం ఆగి ఉన్నారన్న ధ్యాసే లేదు."

అది ఉదయభాస్కర్ ఒక్కడే వాయించిన గిటారు సోలో. ముప్పయ్యారు సెకన్లు. నాలుగు నెలలు వేళ్ళు కాయలు కాసేలా సాధన చేసింది.

"అది నాకిచ్చి ఇవి పట్టుకెళ్ళండి. నా దగ్గర ఎంతసేపు మాట్లాడినా పర్లేదు, నాకూ పొద్దుపోతుంది."

దుర్గ అతని వైపు చూడలేదు. అడిగే హక్కు తనకి లేదు. పాట అతనిది. అరుగు మీద గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఉదయభాస్కర్ చొక్కా గుండీ ఒకటి విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తోక పట్టుకుని తియ్యండి మామ్మగారండి," అన్నాడు. "ముల్లుంది."

లోవమ్మ లాప్‌టాప్ లోంచి సోలోని జాగ్రత్తగా లాగి కేరేజీ పై గిన్నెలో వేసింది. తక్కిన గిన్నెల్లో సరుకంతా తిరిగి లాప్‌టాప్ స్పీకరులో పెట్టింది. గుంయ్‌మనడం, వేలి జారుడు, ఊపిరి, కుర్చీ, అన్నీ. దుర్గ హెడ్‌ఫోన్లు తగిలించుకుని అరుగు మీదే పనిలో పడింది. ఒక్కోటీ ఎంత ఉండాలో అంతే పెంచుతోంది, అంతే దించుతోంది. పాపాయమ్మ గారు ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది.

సోలో పోయిన చోట డ్రమ్సూ బేసూ మాత్రమే నడుస్తున్నాయి. వాటి చుట్టూ గోడౌన్ మోగుతోంది, రేకుల కప్పుతో సహా. అందులో హారతి గట్టిగా ఒక ఊపిరి పీల్చింది. మరుక్షణం గిటార్లన్నీ ఒక్క పెట్టున మీద పడ్డాయి. దుర్గ హెడ్‌ఫోన్లు తీసి ఉదయభాస్కర్ చెవులకి పెట్టింది. అతను విన్నాడు, మళ్ళీ విన్నాడు, మూడోసారి వినబోతుంటే ఆమె లాక్కుంది.

"గిటారు పెంచమంటావా?"

"వద్దండి," అన్నాడు. "చాలండి." అంటూనే అరుగు దిగి వీధిలో అటూ ఇటూ పచార్లు మొదలెట్టాడు, కాళ్ళు నిలవక.

అయిదూ యాభై నాలుగుకి ఫోన్ సిగ్నల్ మీద పాట విశాఖపట్నం వెళ్ళింది.

మర్నాడు పదకొండింటికి స్టూడియో మురళీకృష్ణ గారి ఫోన్ వచ్చింది.

"గిటారు పాటలో ముప్పయ్యారు సెకన్లు గిటారు తీసేసి, ఊపిరి ఒక్కటి ముందుకి తెచ్చారేంటమ్మా? పైగా గీత ఎక్కడా కత్తిరించినట్టు లేదు. ఏ సాఫ్ట్‌వేర్?"

"సాఫ్ట్‌వేర్ కాదండి, మా మామ్మ. చేత్తో తీసింది."

"ఓహో, చేతి పనా. మా దగ్గర అలా తీసే ఆయన ఒకాయన ఉండేవారు, కళ్ళజోడు మారాక మానేశారు. మంచిది. సోమవారం రండి."

రమ్మంటున్నది మామ్మనే అనుకుంది దుర్గ. దాచడం ఇష్టం లేక చెప్పేసింది. "ఆవిడ రాదండి. సోమవారం పిఠాపురం అమ్మకం ఉంటుంది."

"ఆవిడ ఎందుకమ్మా? చేతులు ఎవరివైనా కావచ్చు. ఏది తియ్యాలో, ఏది వెనక్కి పెట్టాలో విన్నదెవరు?"

కిటికీ అవతల ఇసకలో చేపలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి తలలెత్తి ఇటు చూశారు. దుర్గ అంత గట్టిగా చెప్పింది మరి.

"నేనేనండి."